ఇనుముకు అంటని విభూతి

తిమ్మరాయప్ప బోర్లా పడి ఉన్నాడు.

గౌనిపల్లి బయట మామిడి తోట. మోటారు షెడ్డుకి నాలుగడుగుల దూరం. విజయదశమి ఉదయం ఆరూ నలభైకి తోట కాపలాదారు మునిశంకర్ చూశాడు. మెడ వెనక చిన్న రంధ్రం. చిటికెన వేలు కూడా దూరదు. నేల మీద రక్తం పెద్దగా లేదు. పిడికిట్లో కర్పూరం పొట్లం అలాగే ఉంది. ముందురోజు ఆయుధపూజ. సాయంత్రం మోటారుకి హారతి ఇద్దామని తోటకి వచ్చిన మనిషి మళ్ళీ ఇల్లు చేరలేదు. తోటలోనే పడుకునే అలవాటున్న మనిషి కాబట్టి ఇంట్లో ఎవరూ వెతకలేదు.

తుపాకీ లేదు. కంచె దగ్గర మాత్రం ఒక పాత తుపాకీ కొయ్య దొరికింది. భుజానికి ఆనించుకునే చెక్క భాగం. పోలీసులు దాన్ని స్టాక్ అంటారు. దాని మీద ఉండాల్సిన ఇనుము, అంటే బ్యారెల్, బోల్టు, ట్రిగ్గర్, ఏదీ లేదు. వట్టి కొయ్య.

ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసమూర్తికి ఆ కొయ్య చాలింది. అది ఏ వడ్రంగి దగ్గర ఉండేదో ఊరందరికీ తెలుసు. సాయంత్రం ఐదింటికి కేజీఎఫ్‌లో ఒక లైన్ ఇంటి ముందు జీపు ఆపాడు. ఒకప్పుడు గని కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్ళవి. లోపల్నించి శంకర్ అనే వడ్రంగిని పట్టుకొచ్చాడు.

ఎస్సై నేత్రావతి ఆ రోజు కోలారులో దసరా బందోబస్తులో ఉంది. మర్నాడు పది గంటలకి శ్రీనివాసపురం స్టేషన్‌కి వచ్చింది. గేటు దగ్గరే ఒక ఆడమనిషి ఆమె కాళ్ళకి అడ్డం పడింది.

"అమ్మా, నేను శంకర్ పెండ్లాన్ని. గంగ."

"లెయ్యమ్మా. ముందు లెయ్యి."

"మా ఇంటాయనకి ఊపిరాడతా లేదమ్మా. గనిలో దుమ్ము తిని తిని లోపల అంతా రాయైపోయి ఉండాది. ఆయన పీల్చే మందు ఇంట్లోనే ఉండిపోయె. రాత్రి తెచ్చినాను. ఈ పొద్దుదాకా లోపలికి తీసుకోలేదు."

చేతిలో నీలం రంగు ఇన్హేలర్. రాత్రంతా పట్టుకునే కూర్చున్నట్టుంది, చెమటకి లేబుల్ ఊడిపోయింది.

"నేను ఇస్తాను. నువ్విక్కడే కూర్చో."

గంగ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నన్ను రాసుకోండమ్మా. గంగే కాల్చింది అని రాసుకోండి. నేను జైల్లో బతకతాను. ఆయన ఇంగొక రాత్రి బతకడు."

నేత్రావతి ఇన్హేలర్ అందుకుంది. పదకొండేళ్ళ సర్వీసులో చాలా మంది తాము చేయలేదని ఏడ్చారు. చేయని దాన్ని చేశానని రాసుకోమన్న మనిషి ఈమే మొదటిది.

*

లాకప్‌లో శంకర్ గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. అరవై దాటినట్టున్నాడు. గని మూతపడ్డప్పుడు కుర్రాడు. ఆ తర్వాత ఉలి పట్టాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలోంచి ఈల వస్తోంది.

మందు రెండుసార్లు పీల్చాడు. కాసేపటికి మాట వచ్చింది.

"అంబరీష్ తుపాకీ నీ దగ్గరికి ఎందుకొచ్చింది?"

"కొయ్య మార్చమన్నాడమ్మా."

అంబరీష్ తిమ్మరాయప్ప అన్న కొడుకు. తండ్రి పోయాడు. చిన్నాయనతో, అవ్వతో కలిసే ఉంటున్నాడు. తోట మీద అడవిపందులు పడుతున్నాయని లైసెన్సు తెచ్చుకుని పాయింట్ టూ టూ రైఫిల్ కొన్నాడు. ఉన్న వాటిలో చవక రకం. కంపెనీ వేసిన కొయ్య మెతక చెక్క. మెడ దగ్గర చీలింది.

"ఏం చేశావు దానికి?"

"మా తిన్నె మీదనే కూర్చోని చేసినాను. పాత కంపెనీ బంగళా పడగొట్టినప్పుడు దొరికిన టేకు దూలం ముక్క ఉండె. ఆయప్ప చెయ్యి పొడవు కొలిచినాను. చెంప యాడ ఆనతాదో చూసినాను. ఇనుము కూర్చునేకి లోపల గాడి తవ్వినాను. ఉప్పు కాగితం పట్టి, అవిసె నూనె తాగించినాను. వెనక తట్టుకి టైరు రబ్బరు కోసి అంటించినాను. మూడు వారాలు పట్టింది."

చెప్తున్నంతసేపూ అతని ముఖంలో కొంచెం వెలుగు ఉంది. అది పోవడానికి ఒక్క ప్రశ్న చాలింది.

"పాత కొయ్య ఎవరి దగ్గర ఉండింది?"

"నా దగ్గరనే. పూజకి ముందు దినం అంబరీషప్ప వచ్చి తుపాకీ తీసుకపోయినాడు. పాతది గూడా ఇస్తానంటే, ఉండనీ, అడిగినప్పుడు ఇద్దువులే అన్నాడు. పూజనాడు మధ్యాన్నం ఫోన్ చేసినాడు. అవ్వ అడగతా ఉండాది, ఈ పొద్దే తెచ్చియ్యి అన్నాడు. మోపెడ్ మీద కట్టుకొని పోయినాను. తోట మలుపులో ఆయప్పే నిలబడి తీసుకున్నాడు. ఇంటికొచ్చేసినాను. అంతేనమ్మా."

"ఎవరైనా చూశారా ఇవ్వడం?"

"లేదమ్మా."

"కథలు!" వెనక నుంచి శ్రీనివాసమూర్తి గొంతు.

ఇద్దరూ ఇన్‌స్పెక్టర్ గదిలోకి వచ్చారు.

"ఫోన్ కాల్ నిజమే నేత్రావతీ. పూజనాడు ఒంటి గంటా పదికి. అంబరీష్ దాచలేదు. పండగ శుభాకాంక్షలు చెప్పడానికి చేశానన్నాడు. పాత కొయ్య శంకర్ తిరిగివ్వలేదన్నాడు. సాయంత్రం ఐదున్నరకి మోపెడ్ తోట దగ్గర్నించి పోవడం మునిశంకర్ చూశాడు. పోయిన నెల సంతలో తిమ్మరాయప్ప ఇతని చొక్కా పట్టుకుని, మా వాడికి తుపాకీ అలవాటు చేస్తావా అని అందరి ముందూ నెట్టాడు. ఇంకేం కావాలి?"

"తుపాకీ కావాలి సార్."

"వీడి దగ్గర నాటు బ్యారెల్ ఏదో ఉంది. పాత కొయ్యకి బిగించాడు. కాల్చాడు. ఇనుము దాచి కొయ్య పారేశాడు."

"అంబరీష్ రైఫిల్ సంగతి?"

శ్రీనివాసమూర్తి సెల్‌ఫోన్ తీసి ఫోటో చూపించాడు. దేవుడి గది. పీట మీద పనిముట్లు వరసగా ఉన్నాయి. మధ్యలో రైఫిల్. కొయ్య మీద మూడు విభూతి గీతలు, కుంకుమ బొట్టు. కొయ్య మెడకి చామంతి దండ.

"పూజనాడు పన్నెండింటికి తిమ్మరాయప్ప తల్లి అక్కయమ్మ పూజ చేసి గది తలుపు మూసింది. మర్నాటి పొద్దున పునఃపూజకి తనే తీసింది. దండ చెక్కుచెదర్లేదు. విభూతి చెరగలేదు. తన వేళ్ళతో పెట్టిన గీతలు తనకి తెలియవా? అంతలో చావు కబురు వచ్చింది. గది అలాగే వదిలేశారు. నేను పోయి చూశాను."

"చేత్తో పట్టుకుని చూశారా సార్?"

"పూజలో ఉన్న ఆయుధాన్ని ఎవరైనా ముట్టుకుంటారా? బూట్లు విప్పి గడప దగ్గర నిలబడి చూశాను."

నిజం చెప్పాలంటే నేత్రావతి ఉన్నా అంతే చేసేది. ఈ జిల్లాలో ఆ గడప దాటే పోలీసు పుట్టలేదు. ఆ సంగతి పోలీసులకి ఎంత తెలుసో మిగతా వాళ్ళకీ అంతే తెలుసు.

"సార్, అతన్ని ముందు ఆసుపత్రికి పంపిద్దాం."

"ఐదింటికి మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పైనుంచి గంటకో ఫోన్ వస్తోంది. సంతకం పెట్టమను. ఆ నిమిషమే ఆసుపత్రికి పంపిస్తాను."

"పోలీసుల ముందు పెట్టిన సంతకం కోర్టులో చెల్లదు సార్."

"ఇనుము ఎక్కడ దాచాడో చెప్తే అది చెల్లుతుంది."

లేని ఇనుమును అతను ఎక్కణ్ణించి తెస్తాడు? నేత్రావతి పళ్ళు బిగించి బయటికి వచ్చింది.

*

గంగ మెట్ల మీద అలాగే కూర్చుని ఉంది.

"మొన్న మీ ఇంట్లో ఆయుధపూజ చేసుకున్నారా?"

"మాకేడిది పండగమ్మా? మా అత్త, ఆయన తల్లి, పోయి పన్నెండు దినాలన్నా కాలేదు. మైల. ఉలి, చిత్రిక, రంపం అన్నీ సుమ్నే ఊరికే మూలన పడి ఉండాయి. ఈసారి వాటికి బొట్టు గూడా పెట్టలేదు."

"అంబరీష్‌కి తెలుసా ఈ సంగతి?"

"తెలీకేమి? తుపాకీ తీసుకపోను వచ్చిన దినం వాకిట్లోనే నిలబడినాడు. లోపలికి రాలేదు. నీళ్ళు ఇస్తే గూడా వద్దన్నాడు."

నేత్రావతి అక్కడే ఆగిపోయింది.

మైల అని గడప తొక్కనివాడు. ఇచ్చిన నీళ్ళు తాగనివాడు. మర్నాడే అదే ఇంటికి ఫోన్ చేసి పండగ శుభాకాంక్షలు చెప్పాడా? చావు జరిగిన ఇంటికి ఆ ఏడాదంతా పండగ మాట ఎత్తరు. చిన్న పిల్లలకి కూడా తెలుసు. అబద్ధం ఆడేటప్పుడు అంబరీష్ తొందరపడ్డాడు. ఆ కాల్ పండగ కోసం చేసింది కాదు.

మరి దేనికోసం? శంకర్ చెప్పింది తప్ప ఇంకో కారణం కనిపించడం లేదు.

నేరుగా సామాన్ల గదికి పోయింది. పాత కొయ్యని బయటికి తీయించింది. చేతికి గ్లవ్స్ వేసుకుంది. మెడ దగ్గర చీలిక ఉంది. ఆ చీలిక చుట్టూ కొత్త సైకిల్ ట్యూబు బిగించి ఉంది. పైన బ్యారెల్ కూర్చునే పొడవాటి గాడి. గాడి అడుగున అర్ధ రూపాయంత ఎర్రటి మరక. పంచనామాలో రక్తపు మరక అని రాశారు.

చూస్తున్న కొద్దీ అనుమానం పెరిగింది. దూరం నుంచి కాల్చిన తూటా. చచ్చినవాడి కింద నేలే సరిగ్గా తడవలేదు. అలాంటిది రక్తం ఎగిరి తుపాకీ మీద ఎలా పడుతుంది? పడ్డా, బ్యారెల్ కిందకి ఎలా పోతుంది? పైగా రెండు రోజులైంది. రక్తం అయితే ఈపాటికి నల్లబడాలి. ఇది ఇంకా ఎర్రగానే ఉంది.

ఆ ఎరుపు ఎక్కడో చూసింది. ప్రతి పండక్కీ చూసింది. ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ గదికి పోయి ఆయన సెల్‌ఫోన్లో ఆ ఫోటోని పెద్దది చేసి చూసింది. కొడవలి. గడ్డపార. మందు కొట్టే స్ప్రేయరు. మోటారు స్టార్టరు. అన్నిటికీ విభూతి ఉంది. అన్నిటికీ ఇనుము మీదే ఉంది.

ఒక్క తుపాకీకి మాత్రం కొయ్య మీద ఉంది.

"సార్, నాతో గౌనిపల్లికి రండి. ఒక్కసారి. తప్పని తేలితే నేనే అతన్ని మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకుపోతాను."

శ్రీనివాసమూర్తి గడియారం చూసుకున్నాడు. రెండు దాటింది. విసుక్కుంటూనే లేచాడు. పోయే ముందు లాకప్ దగ్గర ఆగి లోపలికి చూశాడు.

"నాలుగున్నరకి వస్తాను. ఆలోపు మనసు గట్టి చేసుకో. సంతకం పెట్టకపోతే నీ పెళ్ళాం పేరు కూడా కేసులో చేరుతుంది."

శంకర్ తల ఎత్తాడు. ఏదో అనబోయాడు. దగ్గు తెర అడ్డొచ్చింది.

*

తిమ్మరాయప్ప శవం ఇంకా పోస్టుమార్టం నుంచి రాలేదు. వాకిట్లో షామియానా వేశారు. చుట్టాలు గుంపులుగా కూర్చున్నారు. లోపల నడవలో గోడకి ఆనుకుని అక్కయమ్మ. కన్న కొడుకు పోయాడు. ఆమె ఏడవడం కూడా మానేసింది. పక్కనే అంబరీష్. మాసిన గడ్డం, ఎర్రటి కళ్ళు. గుమ్మం దగ్గర మునిశంకర్ నిలబడ్డాడు.

ముగ్గుర్నీ దేవుడి గది ముందుకి రమ్మంది నేత్రావతి. తలుపు దగ్గరికి వేసి ఉంది. మైల పట్టాక ఎవరూ లోపలికి పోలేదు.

"మునిశంకర్, ఆ సాయంత్రం తుపాకీ శబ్దం విన్నావా?"

"ఊరంతా పటాకులు కాలస్తా ఉండిరి మేడమ్. ఏది ఏ శబ్దమో యాడ తెలస్తాది?"

"శంకర్ మోపెడ్ మీద వెనక ఏమైనా కట్టుకుని ఉందా?"

"పోయేటప్పుడు చూసినాను. ఏమీ లేదు."

"అంటే కొయ్య అక్కడ పారేశాడు," అన్నాడు శ్రీనివాసమూర్తి.

"లేదా ఎవరికో ఇచ్చేశాడు సార్." నేత్రావతి ముసలామె ముందు కింద కూర్చుంది. "అవ్వా, ఒక మాట అడుగుతాను. కొడవలికి, గడ్డపారకి విభూతి ఎక్కడ పెట్టావు?"

"ఇనుముకేనమ్మా. పని చేసేది ఇనుము గదా. పూజ దానికే."

"మరి తుపాకీకి?"

"కొయ్యకి పెట్టినాను." మనవడి వైపు చూసింది. "వీడే చెప్పినాడు. ఇనుముకు వద్దవ్వా, తుప్పు పడతాది, కొయ్యకి పెట్టు, దండ గూడా కొయ్యకే చుట్టు అన్నాడు."

"అది నిజమే కదా మేడమ్," అన్నాడు అంబరీష్. "విభూతికి తేమ చేరితే బ్యారెల్ పాడైపోతాది. కొత్తగా పాలిష్ చేయించినాను."

"నిజమే. అవ్వా, పూజ అయ్యాక హారతి ఇచ్చావు కదా. ఆ హారతి నీళ్ళు ఏం చేశావు?"

"తమలపాకు ముంచి అన్నిటి మీదా చల్లినాను. మా అత్త కాలంనుంచీ అట్లే."

"తుపాకీ మీద కూడా?"

"దానికే జాస్తి. అది చావింటి నుంచి వచ్చింది గదమ్మా. మైల పోవల్లని ఒక పుడిసెడు ఇనుము మీదనే పోసినాను."

అంబరీష్ తల చటుక్కున తిరిగింది.

"అప్పుడు మీ మనవడు గదిలో ఉన్నాడా?"

"లేడు. బయట బూడిద గుమ్మడికాయ కొడతా ఉండినాడు. ఇంటి మగోడే గదా కొట్టాల."

నేత్రావతి లేచింది. బూట్లు విప్పింది. "అవ్వా, మైలలో ఉన్న ఇంట్లో పూజ నిలిచిపోయినట్టే. నేను ఆ తుపాకీ ముట్టుకోవచ్చా?"

ముసలామె కళ్ళు మూసుకుని తల ఊపింది.

ఇద్దరు ఊరి పెద్దల్ని సాక్షులుగా పిలిచారు. కానిస్టేబుల్ వీడియో తీస్తున్నాడు. నేత్రావతి గ్లవ్స్ వేసుకుని, మిగతా పనిముట్లు పక్కన పెట్టి, రైఫిల్‌ని పీటతో సహా బయటికి తెచ్చి తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసింది. కొయ్య అడుగున రెండు మరలున్నాయి. వాటిని విప్పింది. బ్యారెల్ పట్టుకుని పైకి ఎత్తింది.

ఇనుమంతా ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చేసింది.

కొయ్య పీట మీదే ఉంది. వాడిన చామంతి దండ కదల్లేదు. మూడు విభూతి గీతల్లో ఒక్కటి కూడా చెదరలేదు.

శ్రీనివాసమూర్తి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మనమంతా పూజ చెక్కుచెదర్లేదని చూశాం సార్. కానీ మనం చూసింది కొయ్యని. కాల్చేది ఇనుము. తలుపు మూసి ఉన్న గదిలోంచి ఇనుము ఒక్కటే బయటికి పోయింది. పాత కొయ్యలో కూర్చుంది. చీలిక ఉంది కాబట్టి ట్యూబు చుట్టారు. ఒక్క తూటాకి అది చాలు. పని అయ్యాక ఇనుము తిరిగొచ్చి ఇక్కడ కూర్చుంది. పాత కొయ్య కంచె దగ్గర పడింది. అది శంకర్ దగ్గర ఉందని అందరికీ తెలుసు కాబట్టి."

"ఊహలు మేడమ్ ఇవన్నీ," అన్నాడు అంబరీష్. "సాక్ష్యం ఏదీ?"

నేత్రావతి కొత్త కొయ్య గాడిలోకి టార్చి వేసింది. అవిసె నూనె తాగిన టేకు మీద, బ్యారెల్ కింద, ఎర్రటి మరక. సంచిలోంచి పాత కొయ్య తీసి పక్కన పెట్టింది. అందులోనూ అదే మరక. గాడి మొదలు నుంచి కొలిస్తే రెండూ ఒకే చోట ఉన్నాయి.

"అది రక్తం," అన్నాడు శ్రీనివాసమూర్తి. ఆ మాటలో ఇదివరకటి ధీమా లేదు.

"హారతి నీళ్ళు ఎలా ఎర్రబడతాయి సార్? పసుపులో సున్నం కలిపితే. అందులో నిమ్మరసం పడితే ఏమవుతుందో ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు."

పీట మీద పూజకి పెట్టిన నిమ్మకాయ ఉంది. సగానికి కోసింది. తడి దూదితో పాత కొయ్య మరకని ఒక అంచున మాత్రం అద్దింది. దూదికి ఎరుపు అంటింది. దాని మీద రెండు చుక్కలు పిండింది.

దూది పసుపుపచ్చగా మారింది.

"రక్తం నిమ్మకాయకి పసుపుగా మారదు సార్. మిగతా మరక ల్యాబుకి పంపిద్దాం. అవ్వ పోసిన నీళ్ళు బ్యారెల్ కిందకి జారాయి. గాలి తగలని చోటు కాబట్టి ఆరలేదు. సాయంత్రం ఇనుము పాత కొయ్యలోకి పోయినప్పుడు ఆ తడి కూడా దాంతో పాటే పోయింది. పూజకి ముందురోజు నుంచీ తుపాకీ ఈ ఇంట్లోనే ఉంది. శంకర్ దాన్ని మళ్ళీ చూడలేదు."

"శంకర్ ఇంట్లో పూజ చేసినప్పుడు పడుండొచ్చు గదా!" అంబరీష్ అరిచాడు.

"వాళ్ళింట్లో పూజ లేదు అంబరీష్. మైల. నీకు తెలుసు. నువ్వు నీళ్ళు కూడా తాగలేదు. మరి పండగ శుభాకాంక్షలు ఎవరికి చెప్పావు?"

అతను గోడకి చేయి ఆనించాడు. బయట షామియానాలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"తోట అమ్మమని క్వారీ వాళ్ళు వచ్చి మూడుసార్లు అడిగిపోయినారు," అన్నాడు చివరికి. ఎవరికీ కాకుండా నేలతో మాట్లాడుతున్నాడు. "ఆరు బోర్లు వేసినాము. చుక్క నీళ్ళు లేవు. చెట్లు నిలువునా ఎండిపోతా ఉండాయి. చిన్నాయన నేను బతికుండగా ఒక్క కొమ్మ కొట్టనీను అన్నాడు. ఎన్నాళ్ళు? ఆ ఎండు చెట్లు కావలించుకొని ఎన్నాళ్ళు చావాల? నాకు ఇంగ దారి లేదు."

"శంకర్‌కి ఉందా దారి?" అంది నేత్రావతి. అడగకూడదనుకుంది. నోరు ఆగలేదు.

అక్కయమ్మ గోడ పట్టుకుని లేచింది. మనవడి ముందుకి వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నారు. కొట్టలేదు.

"నా కొడుకును చంపేదానికి నా చేత్తోనే విభూతి పెట్టించినావా నాయనా?"

అంబరీష్ కింద కూలబడ్డాడు. అప్పుడే నేత్రావతి సెల్‌ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ గిరీశ్.

"మేడమ్, శంకర్ పడిపోయినాడు. పెదాలు నీలంగా అయిపోయినాయి. ఏం చేయాల? ఇన్‌స్పెక్టర్ సార్ చెప్పకుండా బయటికి తియ్యకూడదంటే..."

"ఎత్తుకో గిరీశ్! ఏ బండి కనపడితే ఆ బండిలో వేసుకో. ఆసుపత్రికి పో. సార్‌తో నేను మాట్లాడుకుంటాను."

శ్రీనివాసమూర్తి జీపు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

దారంతా నేత్రావతి ఒక్క మాటే అనుకుంటూ ఉంది. బతకాలి. ఇంత తేలాక, ఇంత చిన్న మనిషి, ఒక్క మాట వినడానికైనా బతకాలి. శ్రీనివాసపురం వైపు లారీలు అడ్డం వచ్చిన చోటల్లా హారన్ మీద చెయ్యి తీయలేదు.

*

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం నిలిచిందన్నాడు డాక్టరు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అని కూడా అన్నాడు.

గంగ మంచం పక్కన నేల మీద కూర్చుని అతని పాదం పట్టుకుని ఉంది. నేత్రావతిని చూసి లేవబోయింది.

"దొరికాడు గంగా. అంబరీషే. అంతా ఒప్పుకున్నాడు. మీ ఆయన మీద ఇంక ఏ కేసూ లేదు."

గంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు. వార్డులో అందరూ తిరిగి చూశారు.

ఆ ఏడుపుకి శంకర్ కళ్ళు తెరిచాడు. మొదట అతనికి కనిపించింది ఖాకీ చొక్కా, భుజం మీద నక్షత్రాలు.

నేత్రావతి వంగింది. "శంకరన్నా, అయిపోయింది. నిన్ను వదిలేశారు."

అతను మాస్కు పక్కకి లాగాడు. మాట గాలిలో సగం పోతోంది.

"నాలుగున్నర అయిపోయిందామ్మా?"

"అన్నా, నేను చెప్పేది విను. నువ్వేమీ చేయలేదని తేలిపోయింది."

అతనికి వినిపించలేదు. వినిపించినా నమ్మలేదు. కుడి చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీశాడు. ఉలి పట్టి కాయలు కాచిన వేళ్ళు.

"యాడ పెట్టాలమ్మా సంతకం? పెడతాను. యాడ చెప్తే ఆడ పెడతాను. మా గంగని రాయొద్దండి."

"సంతకం అక్కర్లేదన్నా." నేత్రావతి మాస్కుని మళ్ళీ అతని ముఖం మీదకి జరిపింది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. తను చేసిన తప్పు కాదు. తను వేసుకున్న బట్టలు చేసిన తప్పు. "ఎవరూ ఏమీ రాయరు. నమ్మన్నా."

గంగ ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకుని తన చెంపకి ఆనించుకుంది. "ఇంటికి పోదామయ్యా. మేడమ్ నిజమే చెప్తా ఉండాది. ఇంటికి పోదాం."

అతను ఒకసారి భార్యని చూశాడు. ఒకసారి నక్షత్రాల్ని చూశాడు. తల ఊపాడు.

అయినా ఆ వేళ్ళు గంగ చేతుల్లో పెన్ను కోసం తడుముకుంటూనే ఉన్నాయి.